గది బయట గడియ

మొదట్లో నా జేబులో నూట ఎనభై దినార్లు ఉన్నాయి. సులైబియాలో ఒక గోదాములో రెండేళ్ళు పెట్టెలు మోసి, తిండి ఖర్చు పోగా మిగిల్చింది అంతే. ఆ డబ్బుతోనే పాత సామాన్ల వ్యాపారం మొదలుపెట్టాను. కువైట్‌లో ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళకు బేరమాడే ఓపిక ఉండదు. పది దినార్లకు కొన్న ఫ్రిజ్జుకి గ్యాసు పట్టించి, తలుపు రబ్బరు మార్చి, తెల్ల రంగు కొడితే ఫర్వానియాలో గదుల్లో ఉండే మనవాళ్ళు ముప్పైకి కళ్ళకద్దుకుని పట్టుకెళ్తారు. ఇంతకంటే మంచి లెక్క నాకు ఏ గోదాములోనూ దొరకలేదు.

నాది కోనసీమ, నా భాగస్వామి ఖాజా హుస్సేన్‌ది రాయచోటి. అతనికి ఒక పాత వానెట్ ఉంది. వెనక తొట్టి ఉన్న చిన్న బండిని ఇక్కడ అలాగే అంటారు. బండి అతనిది, లెక్కలు నావి.

కిరాణా కొట్టు గోడకి అంటించిన నా నంబరు చూసి, బ్నీద్ అల్ గార్ నుంచి ఒక రోజు పొద్దున ఒకావిడ ఫోన్ చేసింది. సముద్రానికి రెండు వీధులు ఇవతల పాత రెండంతస్తుల ఇల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళాం. ఇంటావిడకి యాభై దాటి ఉంటాయి. పనిమనుషులు పిలిచినట్టే మేమూ ఆవిడని మామా, అంటే అమ్మగారూ, అనే పిలిచాం.

"మేడ మీద పనిమనిషి గది. కుల్లు, అంతా తీసుకుపోండి. ఖాళీ చేసి రంగులు వేయించాలి," అంది, సగం అరబ్బీలో, సగం హిందీలో.

మేడ మీద నీళ్ళ ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, బట్టలారేసే తీగలు. ఓ మూల ఒంటరిగా ఆ గది. లోపల కిటికీ ఏసీ, చిన్న ఫ్రిజ్జు, ఇనప మంచం. మంచం మీద దళసరి ప్లాస్టిక్ చుట్టి, చుట్టూ గోధుమ రంగు టేపు వేసిన పరుపు. నేల మీద ఒక చాప, ముడిచిన దుప్పటి. ఇంత మంచం పెట్టుకుని చాప మీద పడుకునేదెవరో అనుకున్నాను. గదంతా నేల కడిగే క్లోరిన్ వాసన. దాని కింద ఇంకో వాసన ఉంది. పాలు మాడి అడుగంటినట్టు, తియ్యగా, వెగటుగా.

ఏసీకి ఇరవై, ఫ్రిజ్జుకి పదిహేను, మంచానికి ఎనిమిది, పరుపుకి ఏడు... అమ్మితే ఎంతొస్తుందో ఆవిడ నోరు తెరిచేలోపే నా బుర్రలో కూడిక అయిపోయింది.

ఖాజా నా మొహం చూసి నవ్వాడు. "మొదలుపెట్టినాడప్పా. ఎవరన్నా చస్తే పాడెకి ఎన్ని కట్టెలు పట్టినాయో కూడా లెక్కేస్తావు కదా నువ్వు!"

"అందులో మిగిలిన కట్టెలు ఎంతకిస్తారని కూడా అడుగుతా భాయ్," అన్నాను.

మామా అరవై అంది. నేను ముప్పై అన్నాను. నలభై దగ్గర ఆవిడ చెయ్యి విదిలించి "ఖలాస్" అని కిందికి వెళ్ళిపోయింది. ఏసీ ఊడదీసిన కంతకి చెక్క కొట్టి, ఖాజా, నేను ఏసీ, ఫ్రిజ్జు దించి బండికెత్తాం. వాటిని ఫర్వానియాలో పడేసి మంచానికి, పరుపుకి మళ్ళీ వస్తానని అతను వెళ్ళాడు.

నేను పైకి వచ్చి మంచం బోల్టులు విప్పడానికి కూర్చున్నాను. అప్పుడు చూశాను గడియని.

తలుపుకి బయటి వైపు ఉంది. లోపల ఏమీ లేదు. ఇత్తడి గడియ, ఇంకా మెరుపు పోలేదు. మనుషులుండే గదికి బయట గడియ ఎందుకు? మేకలకి పెడతాం. కోళ్ళకి పెడతాం.

"పరుపు ఎత్తుకోవద్దు నాయనా."

గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. ముక్కు దాకా చున్నీ కప్పుకుంది. కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. ఎర్రగా, ఉల్లిపాయలు కోసినట్టు. ఏడ్చిందేమో అనుకున్నాను.

"ఇక్కడ పనిచేసేది మీరేనా అక్కా?"

"నేనే. రెడ్డెమ్మ అంటారు. మాది రాయచోటి పక్కన పల్లె." మాట ముద్దగా వస్తోంది, నోట్లో వేడి మెతుకు పెట్టుకున్నట్టు. "ఆ పరుపు ఇంకొకరికి అమ్మొద్దు. నీకు పుణ్యముంటాది. దాని మీద నేను ఒక్క రాత్రి గూడా పండుకోలే."

ఎందుకని అడగబోయాను. అంతలో వెలుతురు మారింది.

ఎడారి వైపు ఆకాశం లేదు. అక్కడ ఒక గోడ ఉంది. మట్టి రంగు గోడ, నేల నుంచి పైదాకా, చప్పుడు లేకుండా నడిచి వస్తోంది. కువైట్‌లో దుమ్ము తుఫానులు నాకు కొత్త కాదు. కానీ ఇలాంటిది చూడలేదు. ముందు నారింజ రంగు, తర్వాత ఇటుక రంగు, ఆ తర్వాత పట్టపగలే చీకటి. కింద మామా కిటికీలు మూయమని అరుస్తోంది. మేమిద్దరం గదిలోకి దూరి తలుపు దగ్గరికి వేశాం. రెడ్డెమ్మ లైటు వేసింది. దుమ్ములో అది దూరపు దీపంలా మసగ్గా వెలిగింది.

ఖాజాకి ఫోన్ చేశాను. "కిటికీలోంచి బయట పెడితే నా చెయ్యి నాకే కనపల్లేదు భాయ్. పక్కకి ఆపినా. తగ్గినాక వస్తా," అన్నాడు.

చేసేదేం లేక కూర్చున్నాం. నేను మంచం అంచు మీద. ఆమె గోడకి ఆనుకుని చాప మీద. గాలి ఏదో గిన్నెని మేడంతా దొర్లిస్తోంది.

ఆమె గుసగుసగా మొదలుపెట్టింది.

"నాకంటే ముందు ఈ గదిలో సుందరమ్మని ఒకామె ఉన్నింది. నీ మాట మాదిరే, మీ గోదావరి తట్టు ఆమే. నేను సూడలే. పక్కింట్లో పనిచేసే గౌసియా బీ చెప్పింది, ఈ పిట్టగోడ మీది నుంచే. సుందరమ్మకి జరమొచ్చి ఆ పరుపు మీద పడింది. కండ్లు ఎర్రబడినాయి. నోరంతా పుండ్లు. ఒంటి మీద పొక్కులు లేచినాయి. మామా జూసి అమ్మవారనుకునింది. పిల్లోళ్ళకి అంటుకుంటాదని తలుపేసి గడియ పెట్టింది. అన్నం గిన్నె కిటికీలో పెట్టి పొయ్యేది."

"డాక్టరుకి చూపించలేదా?"

"తగ్గుతాదిలే అనుకునింది." ఆమె చున్నీ ఇంకా బిగించుకుంది. "సుందరమ్మ తలుపు కొట్టేదంట. గౌసియా బీకి ఇనపడేది. మొదట్లో టకటకమని కొట్టేది. రోజు గడిచేకొద్దీ సప్పుడు మారిపోయిందంట నాయనా. కడకి... తడిగుడ్డతో కొట్టినట్ల ఇనపడేదంట."

నేను తలుపు వైపు చూశాను.

"గౌసియా బీ ఏడ్సి గోల జేస్తే ఆస్పత్రికి ఎత్తకపోయినారు. దుప్పటి తీస్తే తోలు దుప్పట్తోనే వచ్చేసిందంట. ఉడకబెట్టిన ఆలుగడ్డకి వొచ్చినట్ల. ఏ బిళ్ళ మింగిందని డాక్టర్లు అడిగినారు. మామాకి యాడ తెలుసు? జరం బిళ్ళ, పెనడాల్ అని చెప్పింది. సుందరమ్మకి నోరు పెగల్లే. అట్లే పాయె."

"మరి నిజంగా ఏం మింగింది?"

రెడ్డెమ్మ కిటికీ గూటి వైపు చూసింది. అక్కడ ఒక పాత హార్లిక్స్ సీసా. లోపల రకరకాల మాత్రలు కలగాపులగంగా. తెల్లవి, పసుపువి, సగానికి విరిచినవి.

ఆ సీసా ఏమిటో నాకు వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి ప్రతి పనిమనిషి గదిలోనూ అలాంటిది ఒకటి ఉంటుంది. ఊరి నుంచి వచ్చేటప్పుడు అట్టల్లోంచి మాత్రలు ఒలిచి, అన్నీ ఒకే సీసాలో పోసి, బట్టల మధ్య కుక్కి తెచ్చుకుంటారు. అట్టలతో తెస్తే విమానాశ్రయంలో పట్టుకుంటారని భయం. జబ్బని తెలిస్తే మామా తిరుగు విమానం ఎక్కిస్తుందని ఇంకో భయం. అందుకని గుట్టుగా మింగుతారు. వెళ్ళిపోయేటప్పుడు ఆ సీసాని చెప్పులతో, దువ్వెనతో పాటు తర్వాత వచ్చేదానికి వదిలేస్తారు. పుట్టింటి సారెలాగా. ఏ మాత్ర దేనికో చెప్పే అట్ట ఉండదు, పేరు ఉండదు. తెల్లది జ్వరానికి, పెద్దది మంటకి, అంతే వైద్యం.

"సుందరమ్మ సీసానే," అంది రెడ్డెమ్మ. "మహాతల్లి, పోతా పోతా మనకి మేలు జేసిపొయింది. నీకు చెప్పకూడదు గానీ, నాకు ఒంటికి పోతే మంట. ఆ పెద్ద బిళ్ళలు రోజూ మింగుతాండా. మంట తగ్గింది గానీ..."

"గానీ?"

ఆమె చున్నీ కిందికి లాగింది.

పెదవులు లేవు. ఉన్నాయి గానీ వాటి మీద నల్లగా పెచ్చు కట్టి, పగిలి, మధ్యలో పచ్చిగా ఉంది. మెడ మీద ఎర్రటి మచ్చలు, ఒక్కోదాని నడుమ ముదురు చుక్క.

"జరం పట్టి మూడోనాడు. గాజులు తగిలినా మంటగా ఉంటాది నాయనా."

"ఎన్నాళ్ళ నుంచి మింగుతున్నారు?"

"రెండు శుక్రవారాలు పోయినాయి. పొద్దన గూడా ఒకటి ఏసుకున్యా."

ఫోన్ తీశాను. మా పెద్దమ్మ కూతురు జాయ్సీ ఫర్వానియాలో నర్సు. ఫోన్ కలిసేసరికి నాకు నాలుగుసార్లు ప్రాణం పోయి వచ్చింది.

"ఏరా ఆరోనూ, ఈ దుమ్ములో ఏం అమ్మబోయావు?" అని నవ్వబోయింది. నేను చెప్పడం మొదలుపెట్టగానే నవ్వు ఆగింది.

"కళ్ళు ఎర్రగా ఉన్నాయా?"

"ఉన్నాయక్కా."

"నోట్లో పుళ్ళు?"

"ఉన్నాయి."

"చర్మం ముట్టుకుంటే నొప్పా?"

"గాజులు తగిలినా మంటంటోంది."

జాయ్సీ గొంతు తగ్గించింది. "ఒరేయ్, జాగ్రత్తగా విను. ఆవిడ ఇంకొక్క బిళ్ళ కూడా మింగకూడదు. అది మామూలు మందే అయ్యుంటుంది. కోట్ల మంది మింగి హాయిగా ఉంటారు. ఎక్కడో ఒకరికి పడదు. పడకపోతే ఒళ్ళంతా కాలినట్టు ఊడిపోద్ది. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకురా. ఆ సీసా కూడా తే, ఉన్నది ఉన్నట్టుగా. ఏ మందో తెలియాలి. రేపు చూద్దాంలే అన్నావంటే..." లైను తెగింది.

"అక్కా, కిందికెళ్ళండి," అన్నాను. "మామాని అడిగి మీ బతాకా తీసుకోండి. ఆసుపత్రిలో ఆ కార్డు అడుగుతారు. నేను సీసా పట్టుకుని వస్తా."

ఆమె లేచింది. గోడ పట్టుకుంటూ, దుమ్ములోకి దిగి, మాయమైంది.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి సీసా తీసుకున్నాను. నా వెనక తలుపు గాలికి దడాలున మూసుకుంది. ఆ వెంటనే...

టక్.

గడియ పడింది.

"అక్కా?"

తలుపు దగ్గరికి వెళ్ళాను.

"రెడ్డెమ్మక్కా! తలుపు తియ్యండి!"

లైటు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. కిటికీలో మట్టి రంగు చీకటి. అద్దానికి ఇసుక రాచుకుంటోంది. నేను తలుపు లాగాను. కదల్లేదు. ఫోన్ వెలుగులో చుట్టూ చూశాను. మంచం. పరుపు. దాని మీది ప్లాస్టిక్...

ఇందాక ప్లాస్టిక్ అద్దంలా ఉంది. లోపలి పూల గుడ్డ కనబడేది. ఇప్పుడు లోపల తెల్లగా ఆవిరి పట్టి ఉంది. నేను చూస్తుండగానే ఒకచోట ఆవిరి చెదిరి, మళ్ళీ పట్టింది. మళ్ళీ చెదిరింది.

ఎవరో ఊపిరి తీస్తున్నట్టు.

పాలు మాడిన వాసన గది నిండా కమ్మింది. ప్లాస్టిక్ చిన్నగా కరకరలాడింది. టేపు ఒక్కో అంగుళమే ఊడుతున్న చప్పుడు... మెల్లిగా... ఓపిగ్గా...

నేను మంచం వైపు వీపు పెట్టి తలుపు బాదడం మొదలుపెట్టాను. "మామా! రెడ్డెమ్మా! ఎవరైనా తియ్యండి!" రెండు పిడికిళ్ళతో బాదాను. గాలి హోరులో నా కేక నాకే వినబడలేదు.

ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

బాదుడు ఆగలేదు.

తప్... తప్... తప్...

నా భుజం పక్కనే. నా చెయ్యి ఆనిన తలుపు మీదే. పిండని గుడ్డతో కొడుతున్నట్టు. నా మోచేతి మీద సన్నగా, వెచ్చగా తుంపర పడింది.

నేను తల తిప్పలేదు. తిప్పలేకపోయాను.

తప్... తప్...

"బాబూ..." అంది నా చెవి దగ్గర. నోరు సరిగా తెరవలేని గొంతు. మా కోనసీమ గొంతు. "తీత్తారా బాబూ?"

అప్పుడు నాలో ఏం జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. భయం ఉంది. కానీ ఆ గొంతు మా వీధిలో నీళ్ళ పంపు దగ్గర బిందె కోసం వంతు అడిగే గొంతులా ఉంది. తీత్తారా బాబూ. ఒళ్ళు ఒలిచిన చేతులతో రోజుల తరబడి తలుపు కొట్టి, ఇంకా మర్యాద వదలకుండా అడుగుతోంది. ఆ తలుపు అవతల మనుషులు అన్నం తిన్నారు. టీవీ చూశారు. మెట్ల మీద నడిచారు. తగ్గుతుందిలే అనుకున్నారు.

నాకు ఒళ్ళు మండింది. మామా మీద. ఇత్తడి గడియ అమ్మినవాడి మీద, బిగించినవాడి మీద. జబ్బు చేస్తే దాచుకోవాల్సి రావడం మీద. పేరు లేని మాత్ర మింగితే గానీ పని నిలబడని బతుకు మీద.

"తీస్తారమ్మా!" అని అరిచాను, తల తిప్పకుండా. "తియ్యకపోతే పగలగొడదాం! కొట్టు! నువ్వూ కొట్టు!"

కొట్టాం. ఇద్దరం కొట్టాం. నావి టకటకా, ఆమెవి తప్ తప్. తలుపు చట్రం నుంచి సున్నం రాలింది. నా వేళ్ళు చిట్లాయి. ఎంతసేపో తెలియదు...

గడియ జరిగింది. తలుపు తెరుచుకుంది.

నా పక్క నుంచి ఏదో దాటి బయటికి వెళ్ళింది. తడిగా. మెత్తగా. నా చెంపని రాసుకుని.

ఎదురుగా రెడ్డెమ్మ. ఒగరుస్తోంది. "కింద నీ సప్పుడు ఇనపడింది. ఎవరేసినారు గడియ?"

"మీరు కాదా?"

"నేను యాల ఏస్తా? మామా నా ఎదురుగానే ఉన్నింది కదా."

ఆమె తన చేతి వైపు చూసుకుంది. నేనూ చూశాను. గడియ లాగిన అరచేతిలో చర్మం లేదు. అది గడియకే అంటుకుని, గాలికి సన్నటి కాగితంలా ఆడుతోంది.

ఆమె అరవలేదు. నా వైపు చూసి, చిన్నపిల్లలా, "నాయనా, నేను గూడా అట్లే పోతానా?" అంది.

"పోరు," అన్నాను. దుప్పటి తెచ్చి, ఎక్కడా ఒరుసుకోకుండా ఆమె భుజాల మీద కప్పి, కిందికి నడిపించాను. సీసా నా చొక్కాలో ఉంది. నా చెంప మీది తడి తుడుచుకోవాలని కూడా తోచలేదు.

హాల్లో మామా తలుపుకి అడ్డంగా నిలబడింది. చేతిలో తాళంచెవి.

"ఎక్కడికి? వీసా ఇచ్చిన కఫీల్‌ని నేను. నా అనుమతి లేకుండా ఇల్లు దాటితే పారిపోయిందని కేసు పెడతాను. రేపు దుమ్ము తగ్గాక క్లినిక్‌కి నేనే తీసుకెళ్తా."

"రేపు అన్నారు. సుందరమ్మకి కూడా రేపే అన్నారు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆ రేపు ఎప్పుడొచ్చింది మామా?"

"నీకెవరు చెప్పారు ఆ పేరు?"

"ఎవరు చెబితే ఏం? ఆమె తలుపు కొడుతుంటే మీకు వినబడలేదా?"

"అంటురోగం అనుకున్నా! నా మనవలు చిన్నపిల్లలు! నాకేం తెలుసు?"

"తెలియకపోతే అడగాలి. తెలియకపోతే డాక్టరుని పిలవాలి. తెలియకపోతే గడియ పెడతారా?"

ఆవిడ రెడ్డెమ్మ చేతి వైపు చూసింది. అరచేతిలోంచి నీరులాంటిది తివాచీ మీద చుక్కలుగా పడుతోంది. ఆవిడ మొహంలో రక్తం లేకుండా పోయింది. గోడ బీరువా తెరిచి, బతాకా తీసి, నా చేతిలో పెట్టింది. తాళం కూడా తనే తీసింది. ఇంత చిన్న పని సుందరమ్మకి ఎందుకు చెయ్యలేదని నాకు ఇంకా మండింది.

వీధి చివర పసుపు రంగు లైట్లు తడుముకుంటూ వస్తున్నాయి. ఖాజా తల కిటికీలోంచి బయటపెట్టి, "పరుపేదప్పా?" అనబోయి, రెడ్డెమ్మని చూసి ఆగిపోయాడు. ఇద్దరిదీ ఒకే తాలూకా. "అక్కా... యా అల్లా," అని సీటు దులిపాడు.

దారిపొడవునా అతను ఆమెకి రాయచోటి వీధుల పేర్లు చెబుతూనే ఉన్నాడు, ఆమె నిద్రలోకి జారకుండా. ఏ సందులో ఎవరి కొట్టు ఉందో, ఎవరి బజ్జీలు బాగుంటాయో. ఆమె సగం వాటికి తల ఊపింది. ఒకచోట మాత్రం, "వాడి బజ్జీల్లో సోడా ఎక్కువ," అంది. ఖాజా స్టీరింగ్ మీద చరిచి నవ్వాడు, కళ్ళ నీళ్ళు కారుతుంటే.

జాయ్సీ ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి ఉంది.

రెడ్డెమ్మని కాలినవాళ్ళ వార్డులో పెట్టారు. సీసాలోని పెద్ద మాత్రలు సల్ఫా కలిసినవని తేలింది. మెడికల్ షాపులో ఎవరడిగినా ఇచ్చే మందు. "చర్మం ఊడింది కొంచెమే. మందు ఆగింది, వేళకి వచ్చింది. బతికే అవకాశం బాగా ఉంది," అన్నాడు ఈజిప్టు డాక్టరు. జాయ్సీ నా మెడ మీద ఒక్కటి వేసి, ఆ చేత్తోనే తల నిమిరింది.

సుందరమ్మ సంగతి కూడా నా నోట విన్న డాక్టరు వెళ్ళబోయి ఆగాడు. "ముందు చనిపోయినావిడ, ఈమె, అక్కచెల్లెళ్ళా?"

"కాదు. ఒకరిది కోనసీమ, ఒకరిది రాయచోటి. మొహాలు కూడా చూసుకోలేదు."

"రక్తసంబంధం ఉంటే అర్థం చేసుకోవచ్చు," అన్నాడు. "ఇది కొన్ని లక్షల మందిలో ఒకరికి వస్తుంది. ఒకే గదిలో ఇద్దరికా?"

నేను లెక్కలవాణ్ణి. లక్షల్లో ఒకరు, మళ్ళీ లక్షల్లో ఒకరు. మనసులోనే గుణించాను. వచ్చిన సంఖ్యకి కువైట్‌లో జనం చాలరు. భూమ్మీద జనం కూడా చాలరు.

బయటికి వచ్చాను. దుమ్ము దిగింది. కార్లు, చెట్లు, మెట్లు అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఖాజా వానెట్‌లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మంచం, పరుపు అక్కడే ఉండిపోయాయి. ఉండనీ అనుకున్నాను.

ఫోన్ మోగింది. మామా.

"ఎలా ఉంది ఆమె?" అంది. గొంతు బొంగురుగా ఉంది.

"బతుకుతుంది."

"అల్‌హమ్‌దులిల్లా." నిజంగానే అన్నట్టుంది. "నాకూ ఒళ్ళు వెచ్చబడింది. దుమ్ము వల్లే కావచ్చు. పిల్లలు వాళ్ళమ్మతో వెళ్ళారు. నువ్వు పంపిన మనిషి మంచిది. నేను చెప్పకుండానే గది సర్దింది. మాత్ర ఇచ్చి పడుకోమంది."

"నేను ఎవరినీ పంపలేదు."

"మీ భాషే మాట్లాడుతోంది కదా. పాపం, చేతులకి, మొహానికి గుడ్డ చుట్టుకుంది. పనిచేస్తుంటే..."

"మామా! ఏం మాత్ర? మింగారా?"

ఫోన్ చేతులు మారిన చప్పుడు. తర్వాత, తడి పెదవులు విడివడినట్టు చిన్న శబ్దం.

"ఆవిడ పడుకుంది బాబూ," అంది మా కోనసీమ గొంతు, మెల్లిగా, మర్యాదగా. "నేను సూసుకుంటాలే."

ఒక్క క్షణం... దేవుడు క్షమించాలి... ఒక్క క్షణం నాకు జాలి కలగలేదు. అంత కోపంగా ఉన్నాను. పడుకోనీ అనుకున్నాను.

అప్పుడు ఆ గొంతు వెనక వినబడింది. ఎక్కడో దూరంగా, మూసిన తలుపు లోపలి నుంచి, ఎవరో కొడుతున్నారు.

టక. టక. టక.

ఆ చప్పుడు ఇంకా పొడిగానే ఉంది.

"ఖాజా భాయ్, లే. తలుపు పగలగొట్టాలి," అన్నాను. వానెట్ వెనక తొట్టిలోంచి ఇనప రాడ్డు చేతిలోకి తీసుకున్నాను.